మైదానంలో మెడ విరిగితే పూచీ ఎవరిది? మూర్ – బెర్టుజ్జీ వ్యవహారం మీద ఒక చర్చ

ఫ్రేజర్ గట్టు (సర్రే, కెనడా)

సభ్యులకు నమస్కారం. నేను న్యాయవాదిని కాను. వాంకూవర్‌కు దగ్గర్లో ఉన్న సర్రేలో ఉంటూ, వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఐదింటికే మా అబ్బాయిని ఐస్ హాకీ సాధనకు దింపివచ్చే తండ్రిని, అంతే. మొన్న వాడు ఒక పాత వీడియో చూపించి, "నాన్నా, ఇదే పని వీధిలో చేస్తే జైల్లో పెడతారు కదా, మంచు మీద చేస్తే ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడు. నాకు జవాబు తోచక ఇక్కడికి వచ్చాను.

ఆ వీడియో 2004 మార్చి 8 నాటిది. వాంకూవర్ కనక్స్, కొలరాడో అవలాంచ్ జట్లు ఇక్కడి వాంకూవర్‌లోనే ఆడాయి. అంతకు మూడు వారాల ముందు, ఫిబ్రవరి 16న డెన్వర్‌లో, కొలరాడో ఆటగాడు స్టీవ్ మూర్ మా కెప్టెన్ మార్కస్ నాస్లండ్‌ను గట్టిగా ఢీకొన్నాడు. రిఫరీలు దానికి పెనాల్టీ ఇవ్వలేదు. లీగ్ (ఉత్తర అమెరికా వృత్తి హాకీని నడిపే ఎన్‌హెచ్‌ఎల్) కూడా తర్వాత పరిశీలించి శిక్ష అక్కర్లేదని తేల్చింది. అయినా మావాళ్ళకు ఆ కసి తీరలేదు. మూర్ తలకు వెల కట్టారన్న అర్థం వచ్చేలా మా ఆటగాడొకరు పత్రికలవాళ్ళ ముందే మాట తూలారు. మార్చి 8న మొదటి భాగంలోనే మాట్ కుక్ మూర్‌తో ముష్టియుద్ధానికి దిగగా, మూర్ తప్పించుకోకుండా నిలబడి తలపడ్డాడు. హాకీ లోకంలో దానితో బాకీ తీరిపోయినట్టే లెక్క.

మూడో భాగానికి వచ్చేసరికి మా జట్టు చిత్తుగా ఓడిపోతోంది (చివరి స్కోరు 9–2). అప్పుడు టాడ్ బెర్టుజ్జీ మూర్ వెనకాలే స్కేట్ చేసుకుంటూ వెళ్ళి, చొక్కా పట్టి లాగి, అతడు తనవైపు తిరగకపోయేసరికి వెనక నుంచి తల పక్కన గుద్ది, మీదపడి మంచుకేసి అణిచాడు. ఆ ఇద్దరి మీద మిగతా ఆటగాళ్ళు కుప్పగా పడ్డారు. మూర్ పది నిమిషాలు అలాగే పడి ఉన్నాడు. మూడు మెడపూసలు విరిగాయి, మెదడు కుదుపుకు గురైంది. అప్పటికి అతడికి 25 ఏళ్ళు. ఆ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు.

జూన్‌లో బ్రిటిష్ కొలంబియాలో క్రిమినల్ అభియోగం మోపారు. డిసెంబరులో బెర్టుజ్జీ నేరం ఒప్పుకున్నాడు. శిక్ష ఇదీ: ఏడాది ప్రొబేషన్, 80 గంటల సమాజసేవ, మూర్ ఆడే ఏ ఆటలోనూ తాను ఆడకూడదన్న షరతు. వీటిని పాటిస్తే అతడి పేరు మీద నేరచరిత్రే మిగలదు. లీగ్ విధించిన నిషేధం 17 నెలలు సాగిందన్నది నిజమే గాని, అందులో ఒక సీజను మొత్తం యజమానుల లాకౌట్ వల్ల అసలు ఆటే జరగలేదు. పోయిన జీతం సుమారు 5 లక్షల డాలర్లు. క్లబ్బుకు పడిన జరిమానా రెండున్నర లక్షలు.

మా అబ్బాయి ప్రశ్నకు చట్టం ఏమంటుందో తెలిసినవారు చెప్పగలరా?

అరండల్‌పేట ప్లీడరు

ఫ్రేజర్ గట్టు గారూ, మీ అబ్బాయి అడిగినది నిన్న మొన్నటి ప్రశ్న కాదు. 1878లో ఇంగ్లండులో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ప్రత్యర్థి మోకాలు తగిలి చనిపోయినప్పుడు, ఆ కేసు విన్న బ్రామ్‌వెల్ అనే న్యాయమూర్తి, దేశచట్టం కాదన్నదాన్ని ఏ ఆట నియమమూ చట్టసమ్మతం చేయజాలదని జ్యూరీకి చెప్పాడు. ఆ మాట చెప్పిన కేసులోనే జ్యూరీ ముద్దాయిని విడిచిపెట్టిందన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతి. అప్పటినుంచీ న్యాయస్థానాలు ఈ రెండు కొసల మధ్యనే తిరుగుతున్నాయి.

మూలసూత్రం అంగీకారం. కండ బలంతో ఆడే ఆటలోకి దిగినవాడు ఆ ఆటలో మామూలుగా తగిలే దెబ్బలకు ఒప్పుకొని దిగినట్టు చట్టం భావిస్తుంది. మన దేశంలో దీనికి ఎంతో చక్కని ఉదాహరణ చట్టంలోనే ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 87వ సెక్షన్ కింద, ఇద్దరు వ్యక్తులు సరదాకి కత్తిసాము చేయడానికి ఒప్పుకుంటే, మోసపు ఆట లేకుండా తగిలే హానికి ఇద్దరూ సమ్మతించినట్టేనని, న్యాయంగా ఆడుతూ ఒకడు మరొకడిని గాయపరిస్తే అది నేరం కాదని రాశారు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 25వ సెక్షన్ అయింది. కత్తిసాము అలాగే ఉంది.

అయితే ఆ సెక్షన్‌ను నిదానంగా చదివితే అందులో మూడు కళ్ళాలు కనిపిస్తాయి. సమ్మతించిన వ్యక్తికి 18 ఏళ్ళు నిండి ఉండాలి. ఆట న్యాయంగా సాగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, చావు గాని తీవ్రగాయం గాని కలిగించాలన్న ఉద్దేశమో, కలిగే అవకాశం ఎక్కువన్న ఎరుకో ఉండకూడదు. మరి తీవ్రగాయమంటే ఏమిటి? ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను ఊడినా మన చట్టం దృష్టిలో తీవ్రగాయమే. ఆ లెక్కన కబడ్డీ కోర్టులో ఏడాదికి ఎన్ని తీవ్రగాయాలో ఊహించుకోండి. 'కలగవచ్చు' అన్నదానికీ 'కలిగే అవకాశం ఎక్కువని తెలిసి' అన్నదానికీ మధ్య ఉన్న సన్నని గట్టు మీదనే ఆటగాడి రక్షణ అంతా నిలిచి ఉంది.

కెనడాలోనూ సూత్రం దాదాపు ఇదే. 1991లో ఆటతో సంబంధం లేని ఒక ముష్టిపోరు కేసులో అక్కడి సుప్రీంకోర్టు, తీవ్రహాని చేయాలని చేసిన దెబ్బకు ఎదుటివాడి అంగీకారం అడ్డు కాదని చెబుతూనే, నియమబద్ధమైన క్రీడలను ఆ కోవలోకి తేలేదు. వెనక నుంచి, బంతి గాని పక్ (ఐస్ హాకీ బిళ్ళ) గాని దగ్గర లేనప్పుడు, ప్రతీకారంగా కొట్టిన దెబ్బ ఆ రక్షణలోకి రాదు. బెర్టుజ్జీ నేరం ఒప్పుకోవలసి వచ్చింది అందుకే. కనుక 'మంచు మీద చేస్తే నేరం కాదు' అన్నది సరికాదు; నేరమే అయింది, శిక్ష తేలికైంది.

అడ్డుప్రశ్న

ప్లీడరు గారి వివరణ బాగుంది గాని, నాకు ఇదంతా మితిమీరిన వ్యవహారంగా కనిపిస్తోంది. ఈ ఆటగాళ్ళు పసిపిల్లలు కారు. దెబ్బలు తగులుతాయని తెలిసే, అందుకు తగిన కోట్ల రూపాయలు తీసుకొనే మైదానంలోకి దిగుతున్నారు. తప్పు చేసినవాడిని నిషేధించడానికి లీగ్ ఉంది, జీతం కోయడానికి క్లబ్ ఉంది. ప్రతి ఫౌలు వెనకా ఒక పోలీసు, ప్రతి ట్యాకిల్ వెనకా ఒక నష్టపరిహారం దావా నిలబడితే, ఆటగాడు ఎదుటివాడిని పట్టుకొనే ముందు తన వకీలుకు ఫోను చేయవలసి వస్తుంది. అలాంటి ఆటను ఎవరు చూస్తారు? న్యాయస్థానాలకు ఆట గురించి ఏం తెలుసు?

అరండల్‌పేట ప్లీడరు

అడ్డుప్రశ్న గారూ, మీరన్న మాటను దాదాపు యథాతథంగా అన్న న్యాయమూర్తి ఒకరున్నారు. 1973 సెప్టెంబరు 16న డెన్వర్, సిన్సినాటి జట్ల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో, బంతి దూరంగా వెళ్ళిపోయాక డేల్ హ్యాక్‌బార్ట్ ఒక మోకాలి మీద కూర్చొని అటు చూస్తున్నప్పుడు, చార్లెస్ క్లార్క్ అనే ప్రత్యర్థి వెనక నుంచి అతడి తల వెనక భాగంలో ముంజేతితో కొట్టాడు. కోపంతోనే కొట్టానని, గాయపరచాలన్న ఉద్దేశం మాత్రం లేదని తర్వాత చెప్పాడు. రిఫరీలు చూడలేదు, ఫౌలు ఇవ్వలేదు. హ్యాక్‌బార్ట్ ఎవరికీ ఫిర్యాదు చేయకుండా ఆట పూర్తిచేశాడు, తర్వాత కూడా కొన్నాళ్ళు నొప్పితోనే ఆడాడు. క్లబ్ అతడిని వదిలించుకున్న తర్వాత గాని మెడ ఎముక విరిగిన సంగతి బయటపడలేదు.

కింది న్యాయస్థానం, ఈ ఆటలో హింస ఎంత సహజమంటే అందులో ఒక దెబ్బను వేరుచేసి తప్పొప్పులు తేల్చడం సివిల్ కోర్టు పని కాదని దావాను కొట్టివేసింది. 1979లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పికొట్టింది. ఆట మొరటుది కావడం వల్ల అందులో జరిగే ప్రతి అన్యాయమూ చట్టానికి అందకుండా పోదని, వెనక నుంచి తలమీద కొట్టడాన్ని ఆ ఆట నియమాలే నిషేధించాయని గుర్తుచేసింది. నాకు ఈ కేసులో మరిచిపోలేనిది ఆ ఫిర్యాదు చేయకపోవడం. ఆటగాళ్ళు మౌనంగా భరిస్తారు కాబట్టి అంతా సజావుగానే ఉందనుకోవడం ఎంత తప్పో అది చెబుతుంది.

మీరు భయపడినంత తలుపులు కూడా చట్టం తెరవలేదు. ఇంగ్లండులో 2004 నాటి బార్న్స్ కేసులో, ఆలస్యంగా చేసిన ఒక ట్యాకిల్‌లో ప్రత్యర్థి కాలికి తీవ్రగాయమై, కింది కోర్టు శిక్ష వేస్తే, లార్డ్ వూల్ఫ్ నేతృత్వంలోని అప్పీలు కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. వ్యవస్థీకృత క్రీడల్లో ఫౌలు జరిగినంత మాత్రాన అది నేరం కాదని, ఆ వేడిలో జరిగే పొరపాట్లకు ఆటలోని శిక్షలే సాధారణంగా చాలునని, ఆటలో భాగమని ఏ రకంగానూ అనలేనంత తీవ్రమైన సందర్భాల్లోనే క్రిమినల్ చట్టం రావాలని చెప్పింది. రెండు రకాల కేసులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, న్యాయమూర్తులకు ఆట తెలియదన్న మాట నిలవదు.

చెడుగుడు సత్యం

అయ్యా, నేను ఇరవై రెండేళ్ళు కబడ్డీ ఆడి, ఇప్పుడు కృష్ణా జిల్లాలో పిల్లలకు నేర్పుతున్నాను. చట్టాలు నాకు తెలియవు గాని, మైదానంలో మాకు మాత్రం తేడా తెలుసు. కూతకు వచ్చినవాడి చీలమండ పట్టుకొని లాగితే వాడి మోకాలు మెలిపడవచ్చు, అది ఆట. వాడు కింద పడి, చెయ్యి గీతకు అందదని తేలిపోయిన తర్వాత కూడా కాలిని మరో తిప్పు తిప్పితే, అది ఆట కాదు. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. పట్టుకొన్న చేతికి తెలుస్తుంది, పట్టుబడిన కాలికి తెలుస్తుంది. నోరు మూసి కూత ఆపించడం, గొంతు పట్టడం, కాళ్ళతో కత్తెర వేయడం నియమాల ప్రకారమే తప్పు. ఆ నియమాలు పుస్తకం రాసినవాళ్ళు ఊరికే పెట్టలేదు, ఎక్కడో ఎవడికో ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది.

నాకు ఇరవై ఆరేళ్ళ వయసులో ఒక పెద్ద టోర్నమెంటులో ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. నన్ను పట్టినవాడి తప్పేమీ లేదు. చాప కింద పలక ఎత్తుపల్లాలుగా ఉండి, నా పాదం అందులో ఇరుక్కుపోయింది. అంబులెన్సు లేదు. ఒక ఆటోలో వెనక సీటు మీద కాలు చాపుకొని, తలుపు లేని వైపు పాదం బయటికి పెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళాను. తర్వాత నిర్వాహకులను అడిగితే, ఆడకముందు నా చేత సంతకం చేయించుకొన్న చీటీ చూపించారు. "క్రీడాకారులకు తగిలే గాయాలకు నిర్వాహకులు ఎటువంటి బాధ్యత వహించరు" అని అందులో ఉంది. నేను చదవకుండానే సంతకం చేశాను. పన్నెండు మందిమీ ఒకే పెన్నుతో, ఒకరి వీపు మీద ఒకరు కాగితం పెట్టుకొని సంతకాలు చేశాం.

అందుకే నా ప్రశ్న వేరు. కొట్టినవాడి సంగతి కాదు, ఆడించినవాడి సంగతేమిటి?

బర్మింగ్‌హాం ఫిజియో

సత్యం గారి ప్రశ్నకు నేను జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. నేను న్యాయవాదిని కాదు గాని, ఇక్కడ క్రీడావైద్యంలో పనిచేసేవాళ్ళందరికీ నేర్పే మొదటి కేసు మైకేల్ వాట్సన్‌ది.

1991 సెప్టెంబరు 21న లండన్‌లోని వైట్ హార్ట్ లేన్ మైదానంలో వాట్సన్, క్రిస్ యూబాంక్ బాక్సింగ్‌లో తలపడ్డారు. పన్నెండో రౌండులో రిఫరీ పోటీని ఆపాడు, కొద్దిసేపటికి వాట్సన్ స్పృహ కోల్పోయాడు. వైద్యుడు అతడి దగ్గరకు చేరేసరికి సుమారు ఏడు నిమిషాలు గడిచాయి. బరి పక్కన శ్వాసను నిలబెట్టే ఏర్పాటు జరగలేదు. మొదట తీసుకువెళ్ళిన ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగం లేదు. అక్కడి నుంచి మరో ఆసుపత్రికి తరలించారు. నలభై రోజులు కోమాలో ఉన్నాడు, మెదడుకు ఆరు శస్త్రచికిత్సలు జరిగాయి.

గమనించండి: వాట్సన్ తనను కొట్టిన యూబాంక్ మీద దావా వేయలేదు. కొట్టడమే ఆ ఆట. దానికి ఒప్పుకొనే దిగాడు. అతడు దావా వేసింది బ్రిటిష్ బాక్సింగ్ బోర్డ్ ఆఫ్ కంట్రోల్ మీద. దెబ్బ తగలడానికి ఒప్పుకున్నాను గాని, తగిలిన తర్వాత నా మెదడు ప్రాణవాయువు లేక చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోవడానికి ఒప్పుకోలేదన్నదే ఆ దావా సారం. 1999లో హైకోర్టు, 2000 డిసెంబరులో అప్పీలు కోర్టు అతడి పక్షాన తీర్పు చెప్పాయి. బోర్డు డబ్బు తీసుకొని ఆడించే సంస్థ కాదు, పోటీకి ప్రమోటర్ కూడా కాదు. కేవలం నియమాలు చేసే సంస్థ. అయినా, వైద్య ఏర్పాట్లు ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం తనదే అయినప్పుడు, ఆ ఏర్పాట్లు చాలకపోతే పూచీ కూడా తనదేనని న్యాయస్థానం తేల్చింది. బోర్డు చివరికి 4 లక్షల పౌండ్లకు రాజీపడింది.

2003లో వాట్సన్ లండన్ మారథాన్‌ను ఆరు రోజుల పాటు నడిచి పూర్తిచేసినప్పుడు, చివరి దూరం అతడి పక్కన నడిచింది యూబాంకే. ఆ ఫొటో మా క్లినిక్ గోడ మీద ఉంది.

సత్యం గారు చెప్పిన చీటీ గురించి ఒక్క మాట: బ్రిటన్‌లో 1977 నాటి ఒక చట్టం ప్రకారం, వ్యాపారంగా పోటీలు నడిపేవాళ్ళు తమ నిర్లక్ష్యం వల్ల కలిగే మరణానికి గాని శరీరగాయానికి గాని ఇలాంటి కాగితంతో బాధ్యత తప్పించుకోలేరు. భారతదేశంలో సంగతి ప్లీడరు గారే చెప్పాలి.

అరండల్‌పేట ప్లీడరు

మన దగ్గర అంత సూటి చట్టం లేదు. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదన్న కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్‌ను ఆధారం చేసుకొని వాదించాలి, ఫలితం న్యాయమూర్తి దృష్టి మీద ఆధారపడుతుంది. కాని ఒకటి మాత్రం చెప్పగలను. ఇష్టపడి వచ్చినవాడికి నష్టం లేదన్న సూత్రం ఆటలో సహజంగా ఉండే ప్రమాదానికే గాని, ఆడించేవాడి నిర్లక్ష్యానికి వర్తించదు. చీలమండ పట్టు సహజప్రమాదం. చాప కింద ఎగుడుదిగుడు పలక సహజప్రమాదం కాదు. సత్యం గారూ, అప్పట్లో మీరు దావా వేసి ఉంటే ఆ చీటీ ఒక్కటే వాళ్ళను గట్టెక్కించేది కాదని నా అభిప్రాయం.

నీలవేణి (సిడ్నీ)

ఇక్కడ రగ్బీ లీగ్ కేసులు రెండు ఈ చర్చకు నేరుగా పనికివస్తాయి కనుక రాస్తున్నాను.

1985లో కెంటర్‌బరీ-బ్యాంక్స్‌టౌన్ ఆటగాడు మార్క్ బగ్డెన్, క్రోనల్లా ఆటగాడు స్టీవ్ రోజర్స్‌ను ముంజేతితో కొట్టి దవడ విరగ్గొట్టాడు. దెబ్బ ఉద్దేశపూర్వకమని తేలింది. అప్పుడు క్లబ్, 'నియమాలకు విరుద్ధంగా కొట్టమని మేము చెప్పలేదు, అతడి తప్పుకు మాకేమిటి' అని వాదించింది. 1993లో న్యూ సౌత్ వేల్స్ అప్పీలు కోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. ఎదుటివాడిని పట్టి ఆపమని జీతమిచ్చి పెట్టుకొన్నది క్లబ్బే. అతడు చేసింది ఆ పనినే, చేయకూడని పద్ధతిలో చేశాడు. లారీ డ్రైవరు అతివేగంగా నడిపితే లారీ యజమాని ఎలా పూచీ పడతాడో, ఇదీ అంతే.

రెండోది 2000 మేలో వెస్ట్స్ టైగర్స్ ఆటగాడు జారడ్ మెక్రాకెన్‌ను మెల్‌బోర్న్ స్టార్మ్ ఆటగాళ్ళు ఇద్దరు కాళ్ళు పైకెత్తి తలకిందులుగా నేలకేసినది. ఇక్కడ దాన్ని ఈటె పోటు అన్నట్టుగా 'స్పియర్ ట్యాకిల్' అంటారు. అతడి ఆటజీవితం అక్కడితో ఆగిపోయింది. న్యాయస్థానం ఆ ఇద్దరితో పాటు క్లబ్బును కూడా బాధ్యులుగా ప్రకటించింది గాని, చేతికి వచ్చిన పరిహారం సుమారు 97,000 డాలర్లే. గెలవడం వేరు, పోయినదాన్ని రాబట్టడం వేరు.

మరో విచిత్రం కూడా చెప్పాలి. మా రాష్ట్రంలో కార్ఖానాలో వేలు తెగిన కార్మికుడికి ఎవరి తప్పన్నది చూడకుండానే పరిహారం వస్తుంది. జీతానికి ఆడే క్రీడాకారుడిని మాత్రం ఆటలో తగిలే గాయాల విషయంలో ఆ పథకం నుంచి చట్టమే తప్పించింది. కాబట్టి ఎవరి తప్పూ లేని గాయానికి బీమాయో, క్లబ్ దయో దిక్కు. తప్పు నిరూపించగలిగితేనే కోర్టు.

అడ్డుప్రశ్న

నీలవేణి గారు చెప్పిన చివరి విషయం నన్ను ఆలోచనలో పడేసింది. 2022లో ప్రో కబడ్డీ లీగ్ వేలంలో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే ప్రత్యర్థిని పట్టబోయి మోకాలు దెబ్బతిని, ఆ సీజను మొత్తం ఆడలేదు. మరుసటి ఏడాది మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి తెచ్చుకున్నారు కాబట్టి అతడి కథ సుఖాంతమైంది. వేలంలో కనీస ధరకు వెళ్ళే పల్లెటూరి కుర్రవాడికి అదే మొదటి మ్యాచ్‌లో అదే జరిగితే, రెండో వేలం ఉంటుందా? నేను ముందు 'కోట్లు తీసుకొనే దిగుతున్నారు' అని రాసినప్పుడు ఈ రెండో కుర్రవాడు నా కంటికి ఆనలేదని ఒప్పుకుంటున్నాను.

అయినా నా అసలు అభ్యంతరం పోలేదు. నష్టపరిహారం లెక్క ఎలా కడతారు? వాడు ఎంత గొప్పవాడయ్యేవాడో ఎవరు చెప్పగలరు?

బర్మింగ్‌హాం ఫిజియో

చెప్పగలిగినవాడినే సాక్షిగా పిలిచిన కేసు ఒకటుంది. 2003 మేలో మాంచెస్టర్ యునైటెడ్ రిజర్వు జట్టులో ఆడుతున్న 18 ఏళ్ళ బెన్ కాలెట్‌కు మిడిల్స్‌బరో ఆటగాడి ట్యాకిల్‌లో మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఎదుటి క్లబ్ బాధ్యతను ఒప్పుకొంది, మిగిలింది లెక్క మాత్రమే. మాంచెస్టర్ యునైటెడ్ అప్పటి మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ స్వయంగా వచ్చి ఆ కుర్రవాడి ప్రతిభ గురించి సాక్ష్యం చెప్పారు. ఏ స్థాయి క్లబ్బులో, ఏ వయసు దాకా, ఎంత జీతానికి ఆడగలిగేవాడో అంచనా వేసి, 2008లో హైకోర్టు 43 లక్షల పౌండ్లకు పైగా ఇప్పించింది. అప్పీలులోనూ అది నిలిచింది. ఊహే, కాదనను. కాని రోడ్డు ప్రమాదంలో చనిపోయిన వైద్యవిద్యార్థి విషయంలోనూ కోర్టులు చేసేది ఇలాంటి ఊహే.

ఫ్రేజర్ గట్టు (సర్రే, కెనడా)

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ చదివాక మూర్ కేసులో రెండో సగం నాకు ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది, దాన్ని కూడా ఇక్కడ పెడతాను.

మూర్ మొదట 2005లో కొలరాడోలో దావా వేస్తే, ఇది ఇక్కడ తేలవలసినది కాదని ఆ కోర్టు కొట్టివేసింది. 2006లో ఒంటారియోలో మళ్ళీ వేశాడు. ప్రతివాదులు బెర్టుజ్జీ ఒక్కడే కాదు, కనక్స్ క్లబ్ యాజమాన్యం కూడా. కొడుకు మెడ విరగడం టీవీలో ప్రత్యక్షంగా చూసిన తల్లిదండ్రులు కూడా తమకు కలిగిన మానసిక ఆఘాతానికి పరిహారం కోరుతూ అందులో చేరారు. అడిగిన మొత్తం ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగి 6 కోట్ల 80 లక్షల డాలర్లకు చేరింది.

2008లో బెర్టుజ్జీ తన పాత కోచ్ మార్క్ క్రాఫర్డ్‌ను కూడా ఈ కేసులోకి లాగాడు. మూర్ మూల్యం చెల్లించాలని ఆట మధ్య విరామంలో కోచ్ మమ్మల్ని పురికొల్పాడన్నది అతడి ఆరోపణ. కోచ్ దాన్ని కాదన్నాడు. తర్వాత బెర్టుజ్జీ ఆ ఆరోపణను ఉపసంహరించుకున్నాడు. ఇక్కడే నాకు నీలవేణి గారి లారీ ఉపమానం గుర్తుకువస్తోంది. వేగంగా నడిపినవాడు డ్రైవరే. కాని పక్క సీట్లో కూర్చొని 'తొక్కు, తొక్కు' అన్నవాడు ఉన్నాడా లేడా అన్నది తేలవలసిన ప్రశ్న కాదా?

అది తేలలేదు. విచారణ 2014 సెప్టెంబరు 8న మొదలు కావలసి ఉండగా, ఆగస్టులో అందరూ రాజీపడ్డారు. మొత్తం ఎంతో రహస్యం. పదేళ్ళ తర్వాత మూర్‌కు డబ్బు అందింది, అందులో నాకు సంతోషమే. కాని తీర్పంటూ లేకపోవడం వల్ల, డ్రెస్సింగ్ రూంలో అన్న మాటకు పూచీ ఎవరిదన్న దానికి రేపు మరో కోర్టు చూసుకోవడానికి అక్కడ ఒక్క వాక్యం కూడా మిగలలేదు.

అరండల్‌పేట ప్లీడరు

రాజీ గురించి ఒక చిన్న మాట. ఇలాంటి దావాల్లో ఫిర్యాది తరఫు న్యాయవాదులు 'కావాలని కొట్టాడు' అన్నదాని కంటే 'అజాగ్రత్తగా ప్రవర్తించాడు' అన్నదాని మీదే ఎక్కువ బరువు పెడతారు. కారణం నీతి కాదు, బీమా. కావాలని చేసిన హానికి బీమా కంపెనీలు సాధారణంగా చెల్లించవు, అజాగ్రత్తకు చెల్లిస్తాయి. కొట్టినవాడి జేబు ఎంత లోతుగా ఉన్నా, పోయిన ఒక జీవితకాలపు సంపాదనకు అది చాలదు. కనుకనే క్లబ్బును, సంఘాన్ని, బీమాను వెతుక్కుంటూ వెళ్ళవలసి వస్తుంది. క్లబ్ పూచీ పడవలసి వచ్చినప్పుడే, తర్వాతి సీజనులో ఎవరిని కొనాలి, కోచ్ ఏం మాట్లాడాలి అన్నది ఆ క్లబ్ ఆలోచిస్తుందని నా అనుభవం చెబుతోంది. జరిమానా పడిన డ్రైవరు మారడు, పర్మిట్ పోతుందన్న యజమాని మారతాడు.

ఫ్రేజర్ గట్టు గారూ, మీ అబ్బాయికి ఇలా చెప్పండి: మంచు మీదికి దిగేటప్పుడు నువ్వు ఢీకొట్టించుకోవడానికి ఒప్పుకుంటున్నావు, వెనక నుంచి కొట్టించుకోవడానికి కాదు.

చెడుగుడు సత్యం

పెద్దలందరికీ నమస్కారాలు. మాకు సంక్రాంతికి జిల్లా స్థాయి టోర్నమెంటు ఉంది, ఈసారి నిర్వహణ సంఘంలో నేనూ ఉన్నాను. నిన్న కూర్చొని పాత చీటీ తీశాను. ఆ బాధ్యత వహించరన్న వాక్యం కొట్టేసి, దాని స్థానంలో అంబులెన్సు డ్రైవరు నెంబరు, వెళ్ళవలసిన ఆసుపత్రి పేరు, ఆటగాడి రక్తం గ్రూపు రాసే గడి పెట్టించాను. ఎముకల డాక్టరు ఉన్న ఆసుపత్రి మాకు ఇరవై రెండు కిలోమీటర్లు. చాపలు పరిచే ముందు కింద నేలను నేనే చూసుకుంటాను. ఫిజియో గారూ, కుర్రవాడు తలకిందులుగా పడి మెడ నొప్పి అంటే, డాక్టరు వచ్చేదాకా మేము ఏం చేయాలో చెప్పండి. మావాళ్ళు వెంటనే చంకల కింద చేతులు వేసి లేపేస్తారు.

బర్మింగ్‌హాం ఫిజియో

ఆ లేపడమే ఆపించండి, సత్యం గారూ. కూర్చోబెట్టకూడదు, నీళ్ళు తాగించకూడదు, 'మెడ తిప్పి చూడు' అనకూడదు. ఒకరు అతడి తల వైపు మోకాళ్ళ మీద కూర్చొని, రెండు అరచేతులతో తలను ఎలా ఉన్నదో అలాగే కదలకుండా పట్టుకోవాలి, స్ట్రెచర్ మీదికి ఎక్కించేదాకా ఆ చేతులు తీయకూడదు. ఊపిరి ఆడుతోందో లేదో మరొకరు చూస్తూ ఉండాలి. ఆడకపోతే మెడ సంగతి రెండోది, ఊపిరి మొదటిది. వేళ్ళు కదులుతున్నాయా, కాళ్ళలో తిమ్మిరి ఉందా అని అడిగి, సమయంతో సహా కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. టోర్నమెంటుకు ముందు ఒక సాయంత్రం మీ కుర్రవాళ్ళలో ఒకడిని పడుకోబెట్టి, ఇదంతా రెండుసార్లు చేయించి చూడండి. మీకు వీలైన రోజు చెబితే నేను వీడియో కాల్‌లో ఉంటాను.

చెడుగుడు సత్యం

ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు, ఫ్లడ్‌లైట్లు పరీక్షించేటప్పుడు పెట్టుకుందాం. పడుకోవడానికి మా గోల్‌మాల్ రైడర్ ఒకడు ఇప్పటికే ఒప్పుకున్నాడు, సంతకం మాత్రం చేయనంటున్నాడు.